కొత్త వల

చొప్పదండిలో చేపలు పట్టే కుటుంబం. పాత వల చినిగింది. చేతిల పైసలు తక్కువ.

"సన్న కన్ను వల కొందాం. అన్ని చేపలు పడతయి" అన్నాడు భర్త.

"అట్ల కాదయ్యా. పిల్ల చేపలకు ఏం ధర వస్తది? విడిస్తే పెరుగుతయి" అన్నది భార్య. అమ్మేది ఆమెనే గదా!

కరీంనగర్ దగ్గర మానేరు డ్యాం 1985లో పూర్తయింది. అందులో రవ్వ, బొచ్చె బాగా పెరుగుతాయి. చేప తల కన్నులో దూరాలి, ఒళ్లు దూరకూడదు. అప్పుడు మొప్పల దగ్గర చిక్కుతుంది. పిల్ల చేప దాటిపోతుంది.

కొనేటప్పుడు కన్నును సాగదీసి, ముడి నుంచి ఎదుటి ముడి దాకా కొలవాలి. ముడిని గోరుతో జరపాలి. జారితే ఆ వల వద్దు.

తాడు, బెండ్లు కట్టిన వలకు ధర ఎక్కువ. వాళ్లు ఉత్త వలనే కొన్నారు. పాత వల బెండ్లు, గుండ్లు విప్పి దీనికి కట్టారు.