రెండో ఒడి

నెల్లూరు సముద్రతీరంలోని కృష్ణపట్నం, మైపాడు, జువ్వలదిన్నె, తుమ్మలపెంట వంటి గ్రామాలలో మత్స్యకారుల దినచర్య సూర్యోదయానికి ముందే ప్రారంభమవుతుంది. వేటకు వెళ్ళిన పడవలు ఒడ్డు చేరే వేళకు స్త్రీలు బుట్టలతో సిద్ధంగా ఉంటారు. చేపలను బేరమాడి కొని, ఊరూరా తిరిగి అమ్ముకొని వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. వేట సాగని రోజులలో రొయ్యల చెరువుల పనికో, కూలికో పోవలసి ఉంటుంది. ఇట్టి శ్రమజీవనంలో ప్రతి ఉదయం ఒక ప్రశ్న తలెత్తుతుంది. తల్లి తిరిగి వచ్చేదాకా చంటిబిడ్డను చూసేదెవరు?

ఇంట్లో అవ్వ ఉంటే ఆమె చూస్తుంది. లేనిచోట ఆ భారం తరచుగా పెద్దకూతురిపై పడుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనెత్తుకొని ఇంటివద్దనే నిలిచిపోతుంది. బడిలో ఆమె స్థానం ఖాళీగా ఉంటుంది. కావున శిశుసంరక్షణ చంటిబిడ్డకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. తల్లి జీవనోపాధి, అక్క చదువు కూడా దానిపైననే ఆధారపడి ఉన్నాయి.

ఈ సత్యాన్ని గుర్తించిన విద్యావేత్త తారాబాయి మోడక్. ఆమె 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో శిశువిద్యా కృషిని ప్రారంభించింది. ఆమెకు అనుతాయి వాఘ్ తోడుగా నిలిచింది. పేదపిల్లలు బడికి రాలేకపోతే బడియే వారి ముంగిటికి పోవాలన్నది వారి ఆశయం. ‘అంగన్’ అనగా ముంగిలి. అంగన్‌వాడీ అనే భావన ఆ విధంగా రూపుదిద్దుకొన్నది. అనంతరం కోస్బాడ్‌లో వారు శిశుగృహాన్ని, బాలవాడిని, ప్రాథమిక పాఠశాలను ఒకేచోట నడిపారు. చెల్లెలిని శిశుగృహంలో అప్పగించి అక్క పక్కనే ఉన్న తరగతిలో కూర్చోగలిగింది.

మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1972లో సమర్పించిన నివేదిక ఈ దృష్టికి జాతీయస్థాయిలో బలం చేకూర్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రికి పంపడం, పూర్వప్రాథమిక విద్య, తల్లులకు పోషణ, ఆరోగ్య విషయాల బోధన అనే ఆరు సేవలు ఇందులో చేరాయి.

అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల బరువు తూచి పెరుగుదల పట్టికలో గుర్తిస్తుంది. అక్షరాలు రాని తల్లి సైతం ఆ గీత పైకి పోతున్నదో, కిందికి దిగుతున్నదో చూచి బిడ్డ స్థితిని గ్రహించగలదు. ముర్రుపాలు పారబోయరాదనీ, ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలనీ కార్యకర్త బోధిస్తుంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, ప్రసవానంతరం ఆరు నెలల వరకు బాలింతలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని హక్కుగా చేసింది.

అయినను ఒక లోటు మిగిలి ఉన్నది. మూడేళ్ళు దాటిన పిల్లలు కేంద్రంలో ఆడి, పాడి, భోంచేస్తారు. అంతకన్న చిన్నవారికి ఆహారం సాధారణంగా ఇంటికే అందుతుంది. ఆహారం ఇంటికి చేరినా, దానిని బిడ్డకు తినిపించే తల్లి ఆ వేళ సముద్రపుటొడ్డున ఉంటుంది. పైగా పడవ ఒడ్డు చేరే వేళ, కేంద్రం తలుపు తెరిచే వేళ ఒకటి కావు. ఈ లోటును పూరించుటకే కేంద్రప్రభుత్వం 2022లో ‘పాల్నా’ పథకాన్ని చేపట్టి, ఆరు నెలల నుండి ఆరేళ్ళ వయస్సు గల పిల్లల కొరకు అంగన్‌వాడీలలో శిశుసంరక్షణ గృహాల ఏర్పాటుకు పూనుకొన్నది. పాల్నా అనగా ఊయల.

ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని గ్రామీణ ఆవాసానికీ, మురికివాడకూ కోరిన మూడు నెలలలోగా కేంద్రాన్ని ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. అనగా ఇది ఎవరో దయతో ఇచ్చే దానం కాదు, అడిగి పొందదగిన హక్కు. ఆ హక్కు ఊయల దాకా విస్తరించి, పడవల వేళకు అనుగుణంగా తలుపు తెరిచిననాడు తల్లి నిశ్చింతగా బుట్ట ఎత్తుకొంటుంది. అక్క పలకాపుస్తకాలు చేతబట్టి బడిబాట పడుతుంది.

ప్రశ్నలు

1. శిశుసంరక్షణకూ, అక్క చదువుకూ గల సంబంధమును వివరించండి.
2. అంగన్‌వాడీ సేవలను పేర్కొని, తీరగ్రామాలలో మిగిలి ఉన్న లోటును తెలపండి.