ఉప్పునీటి తొట్టి: చేప కంటే ముందు నీరు

(సైన్సు పుట)



"అక్కా, తొట్టిలో చేపలెప్పుడొస్తాయి?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ప్రయోగశాలలో నీళ్ళున్నాయి, రాళ్ళున్నాయి, గాలి మోటారు బుడబుడమంటోంది, చేపలు మాత్రం లేవు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

దసరా సెలవులకు ముందు ఏం జరిగిందో గుర్తుందా? ఉదయం తొట్టి కడిగి నీళ్ళు పోశాం. సాయంత్రమే ఐదు బంగారు చేపలు వదిలేశాం. ఎనిమిదో రోజుకి ఐదూ పోయాయి. ఆరో తరగతి చెల్లి ఒకామె వాటికి గుప్పెడు అన్నం వేసిందని తెలిసి అందరం ఆమె మీద పడ్డాం. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. అసలు తప్పు ఎవరిదో నాకు విశాఖపట్నంలో తెలిసింది.

చేపలు లేని తొట్టి

డిసెంబరులో సైన్సు టూరుకి వెళ్ళినప్పుడు ఒకచోట ఉప్పునీటి తొట్టి చూశాం. లోపల రాళ్ళు, ఇసుక, నీళ్ళు, పైన దీపం. ఒక్క చేప లేదు. "చేపలేవండీ?" అని అడిగితే అక్కడి ఆయన నవ్వి, "నీళ్ళింకా తయారు కాలేదమ్మా, ఇవాళ్టికి ఇరవై రెండో రోజు" అన్నారు. నీళ్ళు తయారవడమేమిటని మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన ఓపికగా చెప్పినదీ, తరువాత మా సైన్సు మేడమ్ వివరించినదీ కలిపి రాస్తున్నాను.

1. సముద్రపు నీరు అంటే ఉప్పు కలిపిన నీరు కాదు

1 లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వంట ఉప్పు అనగా సోడియం క్లోరైడ్ ఎక్కువ భాగమే గానీ, మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి. కావున వంటింటి ఉప్పు వేస్తే కుదరదు. తొట్టెల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఉప్పు దొరుకుతుంది. 100 లీటర్లకు మూడున్నర కిలోల పైచిలుకు పడుతుంది.

దానిని వడపోసిన శుద్ధమైన నీటిలోనే కలపాలి. కుళాయి నీటిలో రాగి కాస్త ఎక్కువున్నా రొయ్యలు, నత్తలు చచ్చిపోవచ్చు. క్లోరిన్ సంగతి సరేసరి. ఉప్పును బకెట్లో కలిపి, ఒక రోజు పంపుతో తిప్పి, సాంద్రత 1.025 – 1.026 ఉందో లేదో చూసి, అప్పుడు తొట్టిలో పోయాలి. నీటి ఉష్ణోగ్రత 25 – 26 డిగ్రీలు ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. తొట్టిలో నీరు ఆవిరై తగ్గితే ఉప్పునీరు పోయాలా, మంచినీరు పోయాలా? మాలో చాలామంది ఉప్పునీరు అన్నారు. తప్పు! ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి మంచినీరే పోయాలి.

2. పగడం రాయి కాదు, చెట్టూ కాదు

పగడం జంతువు. చిన్న చిన్న పాలిప్‌లు వేల కొద్దీ కలిసి సున్నపురాయి గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. అందుకే పగడాల తొట్టికి బలమైన దీపం కావాలి. గూడు కట్టడానికి లీటరుకు 400 – 450 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పి.హెచ్. 8.1 – 8.4 మధ్య ఉండాలి.

ఒక్క మాట. సముద్రానికి వెళ్ళినప్పుడు పగడాలు ఏరి తెచ్చుకోకూడదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలకు పులితో సమానమైన రక్షణ ఉంది. తొట్టిలోకి ఎండు సున్నపురాయి గానీ, మనుషులు చేసిన రాయి గానీ వాడాలి. రాయికి ఎన్ని చిల్లులుంటే అంత మంచిది. ఎందుకో కింద చదవండి.

3. అసలు సంగతి: నత్రజని చక్రం

చేప మొప్పల నుంచి, పెంట నుంచి, మిగిలిపోయిన మేత కుళ్ళినప్పుడు అమ్మోనియా పుడుతుంది. అది విషం. పి.హెచ్. పెరిగే కొద్దీ ఆ విషం పెరుగుతుంది. సముద్రపు నీటి పి.హెచ్. 8 పైన కాబట్టి ఉప్పునీటి చేపకు మరీ ప్రమాదం.

నదిలో, సముద్రంలో నీరు విస్తారం. తొట్టిలో చేప తన విషంలో తానే ఈదాలి. దానిని కాపాడేది రెండు రకాల బాక్టీరియా. మొదటి రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో చేరి ఆక్సిజన్ మోయనివ్వదు. ఉప్పునీటిలో క్లోరైడ్ ఎక్కువ గనుక దీని దెబ్బ కొంత తక్కువ, మంచినీటి చేపకు ఎక్కువ. రెండో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు. అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే తగ్గిపోతుంది. ఇలా అమ్మోనియాను తిని బతికే బాక్టీరియా ఉన్నాయని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నిరూపించారు.

ఈ బాక్టీరియా నీళ్ళలో తేలడం తక్కువ. రాతి చిల్లుల్లో, ఇసుకలో, వడపోత స్పాంజిలో అంటుకుని ఉంటాయి. కొన్ని బాక్టీరియా 20 నిమిషాలకే రెట్టింపవుతాయి గానీ, ఇవి రెట్టింపవడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అందుకే కొత్త తొట్టి తయారవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

మన పప్పుజాతి పంటల చేలో మొక్క పీకితే వేళ్ళకు బుడిపెలు కనిపిస్తాయి కదా. అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. అదీ ఇదీ ఒకే చక్రంలోని ముక్కలే.

4. నీరు తయారుచేసే పద్ధతి

(అ) చేపలు వేయకుండా లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేలా ప్రయోగశాల అమ్మోనియం క్లోరైడ్ వేయాలి. 100 లీటర్లకు సుమారు 0.6 గ్రాము చాలు.

(ఆ) రెండు మూడు రోజులకొకసారి పరీక్ష చుక్కలతో కొలవాలి. ముందు అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది. తరువాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ పెరుగుతుంది.

(ఇ) మళ్ళీ 2 మిల్లీగ్రాములు వేసి చూడాలి. మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే నీరు తయారైనట్టే.

(ఈ) సగం పైగా నీరు మార్చాలి. ముందు నత్తలు, తరువాత ఒకే ఒక్క చేప, రెండు వారాలాగి ఇంకొకటి. పగడాలు అన్నిటికంటే చివర, కొన్ని నెలల తరువాత.

తొందరగా కావాలంటే పాలకు తోడు వేసినట్టు, బాగా నడుస్తున్న పాత తొట్టిలోంచి గుప్పెడు ఇసుకో రాయో తెచ్చి వేయాలి. పెరుగు తోడుకుంటున్న గిన్నెను కదపకూడదు కదా, ఇక్కడా మధ్యలో రాళ్ళు తీసి తోమకూడదు.

5. మన తొట్టి సంగతి

మన హాస్టల్లో ఉప్పునీటి తొట్టి పెట్టలేం. ఉప్పు, దీపం ఖరీదు. పైగా కరెంటు పోతే పంపు ఆగుతుంది, నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు, బాక్టీరియా రెండూ ఇబ్బంది పడతాయి. కానీ మంచినీటికీ సూత్రం ఇదే. మన తొట్టి 40 లీటర్లు. మేడమ్ త్రాసులో పావు గ్రాము తూచి వేశారు. ఇవాళ్టికి 19వ రోజు. అమ్మోనియా సున్నాకి వచ్చింది. నైట్రైట్ ఇంకా ఎక్కువగా ఉంది. అంటే సగం దారిలో ఉన్నాం.

ఇప్పుడు దసరా సంగతికి వస్తాను. ఆ రోజు తొట్టిలో బాక్టీరియా లేనే లేదు. పైగా నాలుగో రోజు నీళ్ళు మురికిగా ఉన్నాయని రాళ్ళన్నీ తీసి బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో తోమింది మేమే, తొమ్మిదో తరగతి వాళ్ళం. అప్పుడప్పుడే అంటుకున్న నాలుగు బాక్టీరియా కూడా పోయాయి. చెల్లి వేసిన అన్నం కుళ్ళి విషం కొంత పెరిగిందేమో గానీ, అది వేయకపోయినా ఆ చేపలు బతికేవి కావు. నేరం మాది, తిట్లు ఆమెకి. ఆ చెల్లికి ఈ గోడపత్రికలోనే క్షమాపణ చెబుతున్నాను. రోజూ నీటి పరీక్ష చేసి పట్టికలో రాసే పని ఇప్పుడు ఆమెదే. రంగు పోల్చడంలో మా అందరికంటే ఆమె కన్నే నిఖార్సు.

గుర్తుంచుకోండి

* తొట్టిలో అన్నం, ఉప్మా వేయవద్దు.
* కుళాయి నీటిని బకెట్లో ఒక రోజు ఎండలో ఉంచాకే వాడాలి. క్లోరిన్ పోతుంది.
* నీరు మొత్తం ఒకేసారి మార్చవద్దు. నాలుగో వంతు చాలు.
* వార్డెన్ మేడమ్ గారికి మనవి: ఆదివారం శుభ్రత నాడు ఆయమ్మ గారు తొట్టి జోలికి రాకుండా దయచేసి చెప్పండి.

ప్రశ్నలు (జవాబులు సైన్సు మేడమ్ బల్ల మీద పెట్టండి)

1. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీరే పోస్తూ పోతే ఏమవుతుంది?
2. నైట్రైట్ ఎక్కువగా ఉన్న ఈ రోజు చేపను వదిలితే దాని రక్తానికి ఏమవుతుంది?

నైట్రైట్ సున్నా అయిన రోజు గంట కొట్టి అందరికీ చెబుతాం. మొదటి చేపను తొట్టిలో వదిలేది మాత్రం ఆరో తరగతి చెల్లే.

– 9వ తరగతి విద్యార్థిని, సైన్సు క్లబ్ తరఫున