చెంచిత చేతి విల్లు

వేట పురుషునిదని, సేకరణ స్త్రీదని చెప్పడం పరిపాటి. నల్లమల చెంచులలో విల్లమ్ములు పురుషులవే. గడ్డలు త్రవ్వే పని మాత్రం ఇరువురిదీ. నిత్యం ఆకలి తీర్చినది మాంసం కంటె ఆ గడ్డలే!

ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలపు గాథ వేరు. అందులో చెంచులక్ష్మి స్వయంగా విల్లు పూనిన వేటకత్తె. ఆమెను వరించి నరసింహస్వామి చెంచులకు అల్లుడైనాడు. ఏటా సంక్రాంతి వేళ పారువేటకు బయలుదేరి ఊరూరా సంచరిస్తాడు. గాథ చరిత్రకు సాక్ష్యం కాదు. కాని ప్రశ్నకు తావిస్తుంది.

బేతంచెర్ల చెంత బిల్లసర్గం గుహలలో 1880ల దశకంలో ఎముక పనిముట్లు లభించాయి. వాటిని పట్టినవి పురుషుల చేతులేనని ఊహించడం అలవాటు, నిరూపణ కాదు. పెరూ పర్వతాలలో 9,000 ఏండ్లనాటి సమాధిలో వేట ఆయుధాలతో బయల్పడిన అస్థులు స్త్రీవని 2020లో ప్రకటించారు. మరణించేనాటికి ఆమె వయస్సు 17–19 ఏండ్లు; ఇంచుమించు మీ ఈడే.