రొయ్యల చెరువుల ప్యానెళ్లలో సర్క్యూట్ బోర్డుల పరీక్ష - పాటించవలసిన జాగ్రత్తలు

పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు ప్రాంతాల వనామీ సాగు ఏరేటర్ల మీద ఆధారపడినది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి దిగుతుంది. ఆ వేళ నియంత్రణ బోర్డు చెడిపోతే కొద్ది గంటల్లోనే పంట చేజారవచ్చు. ఈ తొందరలో టార్చి వెలుగులో, తడి చేతులతో ప్యానెల్ విప్పడమే ప్రాణాపాయానికి దారి తీస్తుంది. కాబట్టి ఏరేటర్లను తిరిగి నడపడం, బోర్డును బాగుచేయడం వేర్వేరు పనులుగా చూడవలసి ఉంటుంది. బోర్డుతో నిమిత్తం లేకుండా మోటారును నడిపే డి.ఓ.ఎల్. స్టార్టరును, ఓవర్‌లోడ్ రిలేతో సహా, ముందుగానే అమర్చుకోవాలి. వి.ఎఫ్.డి. ఉన్నచోట లైను కరెంటు దాని అవుట్‌పుట్ వైపుకు చేరకుండా ఇంటర్‌లాక్ తప్పనిసరి. రాత్రి స్టార్టరుతో నెట్టుకొచ్చి, బోర్డును పగలు పరీక్షించడమే మేలు.

మెయిన్ కట్టేసినంత మాత్రాన బోర్డు నిర్జీవం కాదు. 415 వోల్టుల త్రీఫేజ్ విద్యుత్తును వి.ఎఫ్.డి. సుమారు 587 వోల్టుల డి.సి.గా మార్చి కెపాసిటర్లలో నిల్వ ఉంచుతుంది. సరఫరా ఆపిన తరువాత కూడా ఆ ఛార్జి కొన్ని నిమిషాలు నిలుస్తుంది. పరికరంపై ముద్రించిన సమయం పూర్తయ్యే వరకు ఆగి, డి.సి. టెర్మినళ్ల వద్ద వోల్టేజిని కొలిచిన తరువాతనే చేయి పెట్టాలి. ఇండికేటరు దీపం ఆరిపోవడం రుజువు కాదు. నియాన్ టెస్టరు కూడా నమ్మదగినది కాదు. స్క్రూడ్రైవరుతో కెపాసిటర్ కాళ్లను కలిపి ఛార్జి తీసే అలవాటును క్షేత్ర సిబ్బంది గట్టిగా వారించాలి. మల్టీమీటరు 1000 వోల్టుల, క్యాట్ 3 శ్రేణిదై ఉండాలి. కొలతకు ముందు, తరువాత తెలిసిన సరఫరా మీద దానిని సరిచూడాలి.

ఆటోమేటిక్ జనరేటరు మరొక ప్రమాదం. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందని భావించి అది తనంతట తానే మొదలై ప్యానెల్‌కు సరఫరా ఇస్తుంది. అందువల్ల జనరేటరును కూడా ఆపి, రెండింటికీ తాళం వేసి, తాళంచెవిని పనిచేసేవారే ఉంచుకోవాలి.

ఈ తీరంలో బోర్డులను ఎక్కువగా పాడుచేసేవి ఉప్పు తేమ, దానికి తోడు బల్లులు, చీమలు. పచ్చగా పట్టిన తుప్పును మెత్తని బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతనే కరెంటు ఇవ్వాలి. మంటలంటుకునే ఈ ద్రవాన్ని నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట వాడాలి. పెట్రోలు వాడరాదు. కంప్రెసరు గాలిలో నీరు కూడా ఉంటుందని మరువరాదు.

స్థిర విద్యుత్తు కంటికి కనబడదు. సుమారు 3000 వోల్టుల లోపు మనిషికి తెలియనే తెలియదు. కొన్ని చిప్‌లకు 100 వోల్టులే చాలు. డెల్టా తేమలో ఈ బెడద తక్కువే గాని, రైసుమిల్లు సార్టెక్స్ యంత్రముండే ఏ.సి. గదిలో ఎక్కువ. బోర్డును అంచుల వద్ద పట్టుకొని, యాంటీస్టాటిక్ సంచిలోనే తరలించాలి. మేత సంచిలో చుట్టి మెకానిక్ వద్దకు పంపడం ఇక్కడ మామూలైపోయింది. ఆ ప్రయాణంలోనే మంచి బోర్డు కూడా చెడవచ్చు. 1 మెగాఓమ్ నిరోధకమున్న మణికట్టు పట్టీ సరఫరా లేని బోర్డుకే. కరెంటున్న ప్యానెల్ వద్ద దానిని ధరించరాదు.

మోటారు ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో చూసేటప్పుడు తీగలను వి.ఎఫ్.డి. నుండి ముందు విడదీయాలి. కలిపి ఉంచి 500 వోల్టులు పంపితే మోటారు మంచిదేనని తేలుతుంది, బోర్డు మాత్రం పోతుంది.