హెచ్ఐవీ రక్త పరీక్షలు: రిపోర్టు చదవడం

హైదరాబాద్ శివారులోని ముత్తంగి వద్ద 65వ జాతీయ రహదారి, ఔటర్ రింగు రోడ్డు కలుస్తాయి. ఇలాంటి కూడళ్లలో కనిపించే లారీ డ్రైవర్లు, వలస కార్మికులు న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) లెక్కలో 'బ్రిడ్జ్ పాపులేషన్', అంటే అధిక ముప్పు వర్గాల నుంచి సాధారణ జనానికి వైరస్ చేరే వారధి (ఈ పదం గుర్తుంచుకోండి).

సీడీ4: రోగనిరోధక కణాల సంఖ్య. సాధారణంగా ఘన మిల్లీమీటరుకు 500–1500. 200 కంటే తగ్గితే వ్యాధి ముదిరిన దశ.

వైరల్ లోడ్: మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీలు. ఏఆర్‌టీ (యాంటీరెట్రోవైరల్ చికిత్స) మొదలైన 6, 12 నెలలకు, ఆపై ఏడాదికోసారి పరీక్ష. 1000 లోపుంటే వైరస్ అదుపులో ఉన్నట్టు. 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వస్తే వైరస్ పోయిందని కాదు. యంత్రానికి అందనంత తగ్గిందని అర్థం. మాత్రలు ఆపకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

ఉచిత ఏఆర్‌టీ: భారత్‌లో 2004 ఏప్రిల్ 1న మొదలైంది.

హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం: 2017, అమలు 2018 సెప్టెంబరు 10. సెక్షన్ 3 వివక్ష నిషేధం, 5 పరీక్షకు సమ్మతి, 8 గోప్యత. పోటీ పరీక్షలో సెక్షన్లు తారుమారు చేసి అడిగే వీలుంది.