పచ్చ ఇంకు పూసిన సీడీ

ప్రశ్న: సీడీ అంచుకు పచ్చ మార్కర్ పూస్తే పాట స్పష్టంగా వినిపిస్తుందని హైఫై మిత్రులు ఒట్టేసి చెబుతున్నారు. స్పీకర్ కేబుళ్లు నేలకు తగలకుండా చిన్న దిమ్మెల మీద పెట్టమంటున్నారు. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు నవ్వుతున్నారు. కొత్తదాన్ని కొట్టిపారేయడం నాకిష్టం లేదు, మోసపోవడమూ ఇష్టం లేదు. ఎవరి మాట వినాలి?

జవాబు: నవ్వేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కొలతల్లో వక్రీకరణ అతి తక్కువగా ఉన్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు కొన్ని చెవికి గరుకుగా ఉన్నాయని ఒకప్పుడు శ్రోతలు మొత్తుకున్నారు. నిలకడగా మోగే స్వరంతో చేసే పరీక్షకు అందని వక్రీకరణ ఒకటుందని, సంగీతం ఒక్కసారిగా ఎగిసినప్పుడు అది పుడుతుందని ఫిన్లాండ్ ఇంజనీరు మత్తి ఒటాలా 1970లో వివరించాడు. అంటే కారణం తెలియదన్న ఒక్క సాకుతో విన్నవాళ్లను తోసిపుచ్చకూడదు. పచ్చ ఇంకుకు చెప్పే కారణం మాత్రం బలహీనమైనదే. అంచు దగ్గర చెదిరే లేజర్ కాంతిని ఇంకు పీల్చేస్తుందంటారు. ఆ లేజర్‌ది 780 నానోమీటర్ల పరారుణ కాంతి, కంటికి పచ్చగా కనిపించే ఇంకు దాన్ని ఆపుతుందన్న హామీ ఏమీ లేదు. పైగా ఇంకు పూయకముందు ఒకసారి, పూశాక ఒకసారి డిస్కును కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే అంకెలు మారాయో లేదో తేలిపోతుంది. అంకెలు అవే అయినా అవి వచ్చే సమయం మారదా అని కొందరు అడుగుతారు. ప్లేయర్ వాటిని ముందు మెమరీలో నింపుకుని, క్వార్ట్జ్ గడియారం లయలో బయటికి పంపుతుంది. అయినా సరే, కారణం తప్పయినంత మాత్రాన విన్నది అబద్ధమని నేను అనను. తేల్చాల్సింది తేడా ఉందా లేదా అన్నదే.

చిక్కేమిటంటే, తేడా వినిపించడానికి వేరే దారులు బోలెడు. 3,400 హెర్ట్జ్ స్వరానికి గాలిలో తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లే. సోఫాలో కాస్త పక్కకు జరిగినా గోడలకు తగిలి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదానితో కలిసే తీరు మారిపోతుంది. కేబుల్ పీకి మళ్లీ గుచ్చితే ప్లగ్గు మీది మకిలి గీసుకుపోయి పాట నిజంగానే బాగుపడొచ్చు, అది దిమ్మెల మహిమ కాదు. వాల్యూమ్ డెసిబెల్‌లో చిన్న వంతు పెరిగితే గట్టిగా ఉందని అనిపించదు, బాగుందని అనిపిస్తుంది. వీటన్నిటినీ దాటి ఇంకు సంగతి తేలాలంటే ఒకే సీడీ ప్రతులు రెండు తీసుకుని ఒకదానికే ఇంకు పూయండి. వాల్యూమ్ కదపకండి. ఏది పెట్టాలో మిత్రుడు మీకు కనబడకుండా నాణెం ఎగరేసి నిర్ణయించాలి. 16 సార్లు విని ఏది మోగిందో రాసిపెట్టండి. 12 లేదా అంతకు మించి సరిపోతే, అది కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం నూటికి 4 లోపే.

ప్రశ్న: ఇలాంటి పరీక్ష శ్రోతను కంగారుపెడుతుంది, సున్నితమైన తేడాలు జారిపోతాయి అంటారు. ఏళ్ల తరబడి సాధన చేసిన చెవిని అనుమానించడం కాదా?

జవాబు: కంగారు పడాల్సిన అవసరం ఎక్కడుంది? 16 పరీక్షలూ ఒకే సాయంత్రం ముగించమని ఎవరూ అనరు. ఒక్కో డిస్కును వారం రోజులు, మీ ఇంట్లో, మీకు నచ్చిన పాటలతో వినండి. దాచాల్సింది అది ఏ డిస్కన్న సంగతొక్కటే. చెవిని అనుమానించడమన్న మాటకు జవాబు 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ చేసిన ప్రయోగంలో ఉంది. 40 మంది శ్రోతలు నాలుగు స్పీకర్లను ఒకసారి చూస్తూ, ఒకసారి తెర వెనక ఉంచి విన్నారు. చూస్తూ విన్నప్పుడు మార్కులు స్పీకర్ రూపాన్ని బట్టి మారాయి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి: గదిలో స్పీకర్ చోటు మార్చినప్పుడు వచ్చే నిజమైన తేడాను కూడా చూస్తున్నవాళ్లు తక్కువగా పట్టించుకున్నారు. ఉన్న తేడాకు కూడా చెవిని మొద్దుబార్చింది చూపే. సాధన చేసిన చెవి మీద గౌరవం ఉన్నవాళ్లు ఆ అడ్డు తీసేయాలనే కోరుకోవాలి.

16లో 9 వస్తే తేడా అసలు లేనే లేదని రుజువైనట్టు కాదు, కానీ ఎవరైనా ఇట్టే పసిగట్టేంత తేడా అన్న మాట ఇక చెల్లదు. మార్కర్‌కు, దిమ్మెలకు పెట్టే డబ్బుతో మందపాటి కర్టెన్లు కొనండి, స్పీకర్లను గోడ నుంచి ముందుకు జరిపి చూడండి, దానికి ఖర్చు కూడా లేదు. 13 వస్తే మాత్రం తప్పక రాయండి. అవే డిస్కులను మరో శ్రోతకు, మరో ప్లేయర్ మీద వినిపించి చూడాలి.