కాలము మనస్సులోనిదా, మనస్సునకు వెలుపలిదా?

కాలము నిజముగా నున్నదా, లేక మానవుడు తన సౌకర్యమునకై కల్పించుకొన్న లెక్క మాత్రమేనా అను ప్రశ్న పండితుల వాదములకే పరిమితమైనది కాదు. రాహుకాలము ముగియువఱకు గడప దాటని యింటిలోను, ఆషాఢమని వివాహమును వాయిదా వేయు కుటుంబములోను ఈ ప్రశ్నయే దాగియున్నది. కాలము నొక క్రూరదేవతగా నమ్మినవాడు దానికి వెఱచును. అది వట్టి భ్రాంతి యన్నవాడు నేటి కాయకమును రేపటికి నెట్టుటకు దానినే సాకుగా చెప్పుకొనును. శరణమార్గమునకు ఈ రెండును తగినవి కావు.

మొదట కాలమును, కాలపు కొలతను వేఱు చేసి చూడవలెను. మన దేశమున 1906 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన ప్రామాణిక సమయము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించును. కన్నడ సీమ సరిహద్దున నున్న రొళ్ల సుమారు 77 డిగ్రీల రేఖాంశమున నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున, గడియారము పండ్రెండు కొట్టిన పిమ్మట సగటున 22 నిమిషములకు గాని రొళ్లలో నిజమైన మధ్యాహ్నము కాదు. మచిలీపట్నమున అంతకు 16 నిమిషములు ముందే మధ్యాహ్నమగును. సోమవారము ఏడున్నర మొదలు తొమ్మిది వఱకు రాహుకాలమని క్యాలెండరులో అచ్చు వేయుదురు గదా. ఆ లెక్క ఆఱు గంటలకు సూర్యోదయము, ఆఱు గంటలకు సూర్యాస్తమయము అని భావించి, పగటిని ఎనిమిది భాగములు చేసిన లెక్క. ఏ యూరి సూర్యునకును అది సంవత్సరమంతయు సరిపోదు. అచ్చుకాగితమును నమ్మి రొళ్లలో గడప దాటనివాడు రాహువునకు గాక అచ్చుయంత్రమునకు వెఱచుచున్నాడని చెప్పవచ్చును. గంట, వారము, ముహూర్తము మానవకల్పితములే. అంతమాత్రమున కాలమే మానవకల్పితమని తేలదు. శేరు, మానిక మనము చేసికొన్న కొలతలైనను ధాన్యము మనము కల్పించినది కాదు.

మనస్సు చూడకున్నను కాలము నడచునా? మడకశిర, హిందూపురము ప్రాంతముల రైతుకు దీనికి దృష్టాంతము తన పట్టుపురుగుల తట్టలోనే యున్నది. గ్రుడ్డు నుండి వెడలిన పురుగు నాలుగు జ్వరములు దాటి చంద్రిక నెక్కుటకు సుమారు 25 దినములు పట్టును. జ్వరమున నున్నపుడు అది ఆకు ముట్టదు, కదలదు. రైతు గాఢనిద్రలో నున్న రాత్రియు దాని చర్మము మాఱుట ఆగదు. తెల్లవాఱి లేచినవాడు “ఎంత ప్రొద్దు పోయినదో తెలియలేదు” అనును. తెలియకపోయినది అతనికే, పురుగు తన పని ముగించుకొన్నది. అయితే చలిదినములలో అదే పురుగు ఆలసించును. కావున ప్రతి జీవికిని తన నడక తనకున్నది. ఆ నడకలను ఒకదానితో నొకటి పోల్చుటయే కొలత.

ఇంతకంటె బలమైన సాక్ష్యము రాతిలో నున్నది. రొళ్ల మండలమున రత్నగిరి కోట నిలిచిన కొండ, మడకశిర చుట్టునుగల గుట్టలు ధార్వాడ భూఖండమునకు చెందినవి. ఆ భూఖండపు తూర్పు భాగమున విస్తారముగా కానవచ్చు గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటివని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ శిలలలోని జిర్కాను అను స్ఫటికములలో చిక్కుకొన్న యురేనియము క్రమముగా సీసముగా మాఱుచుండును. యురేనియము-238 సగమగుటకు సుమారు 447 కోట్ల ఏండ్లు పట్టును. మిగిలిన యురేనియమునకును, పుట్టిన సీసమునకును గల నిష్పత్తియే శిల వయస్సును చెప్పును. మానవజాతి పుట్టి సుమారు మూడు లక్షల ఏండ్లే. ఏ కన్నును చూడని, ఏ మనస్సును లెక్కింపని ఆ దీర్ఘకాలమున సీసము కూడుట మానలేదు.

1781లో జర్మను తత్త్వవేత్త కాంటు, కాలము మన అంతరింద్రియపు రూపమే గాని వస్తువులలో నుండునది కాదని వాదించెను. రాతి వయస్సును గూడ మనస్సుతోనే కదా తెలిసికొనుచున్నామని ఆయన పక్షమువారు అడుగవచ్చును. నిజమే. కాని దీపము కుండను చూపును, కుండను చేయదు. తెలియుటకు మనస్సు కావలెననుట వేఱు, ఉండుటకు మనస్సు కావలెననుట వేఱు.

అట్లని కాలమును గూర్చి మనకు తోచునదంతయు సత్యము కాదు. విశ్వమంతటికి నొకే “ఇప్పుడు” కలదని తోచును. 1905లో ఐన్‌స్టయిను ఆ నమ్మకమును కూలద్రోసెను. 1971లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు సీజియము గడియారములను విమానములలో భూమి చుట్టును త్రిప్పగా, నేలమీది గడియారముతో పోల్చినపుడు తూర్పుగా వెళ్లినపుడు అవి సుమారు 59 నానోసెకనులు వెనుకబడెను. పడమరగా వెళ్లినపుడు సుమారు 273 నానోసెకనులు ముందునకు జరిగెను. నానోసెకను అనగా సెకనులో నూఱుకోట్లవ వంతు. గడియారములకు మనస్సు లేదు, విసుగు లేదు, భయము లేదు; అయినను వాని కాలము మాఱినది. కావున “ఇప్పుడు” అనునది చూచువాని స్థితిని బట్టి యుండును గాని, కాలము నడచుట చూచువాని తలపును బట్టి యుండదు. అంతకు ఎన్నో శతాబ్దముల పూర్వమే నాగార్జునాచార్యుడు భూతభవిష్యద్వర్తమానములు ఒకదానిపై నొకటి ఆధారపడినవే గాని స్వతంత్రములు కావని విమర్శించియుండెను. వైశేషికులు మాత్రము తొమ్మిది ద్రవ్యములలో కాలమును మనస్సును వేర్వేఱుగా లెక్కించిరి. భర్తృహరి వాక్యపదీయమున కాలమును బ్రహ్మముయొక్క శక్తిగా వర్ణించెను. ఒకదానిని జరుగనిచ్చుట, మఱియొకదానిని ఆపుట ఆ శక్తి చేయు పని.

ఈ చివరి మాట శైవదర్శనమునకు దగ్గఱగా నున్నది. శైవులు చెప్పు ముప్పదియాఱు తత్త్వముల వరుస ఇచ్చట మిక్కిలి గమనింపదగినది. శివ, శక్తి, సదాశివ, ఈశ్వర, శుద్ధవిద్యలు అయిదును శుద్ధతత్త్వములు. పిమ్మట మాయ. దాని నుండి కళ, విద్య, రాగము, కాలము, నియతి అను పంచకంచుకములు. వాని క్రిందనే పురుషుడు. అతని క్రింద ప్రకృతి, బుద్ధి, అహంకారము. ఆ తరువాత గాని మనస్సు రాదు. పైనుండి లెక్కించిన అది పదునాఱవది. అనగా మనస్సు పుట్టకముందే కాలము జీవునికి తొడుగబడినది. మనస్సు తొడిగికొనిన చొక్కాను తానే నేసితినని చెప్పుట చెల్లదు. అయినను ఆ చొక్కా శివునకు లేదు. నిత్యత్వమునకు హద్దు కట్టి జీవుని “నిన్న, నేడు, రేపు” అను మూడు గదులలో నుంచునదే కాలకంచుకము. కాలము మనస్సునకు పైది, శివునకు క్రిందిది. “ఉన్నదా, లేదా” అని ఒక్క మాటలో తేల్చగోరువారికి ఈ సమాధానము రుచింపకపోవచ్చును. కాని రాయి చెప్పు సాక్ష్యమును, యోగి చెప్పు అనుభవమును రెండింటిని కాదనక నిలుపుకొనునది యిదియే.

కాలము వట్టి భ్రాంతియైనచో షట్స్థలమార్గమునకే ముప్పు వచ్చును. భక్తుడు మాహేశ్వరుడగుట, ప్రసాదిగా, ప్రాణలింగిగా, శరణుడుగా పండుట, ఐక్యము నొందుట అను క్రమమునకు ముందు వెనుకలు కావలెను. కాయకమునకును అంతే, విత్తనమునకు అదను లేదనువాడు పంట నెఱుగడు. బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున నుండి తన వచనములలో తిథివారనక్షత్రముల భయమును త్రోసిపుచ్చినాడు గాని, దినమును వ్యర్థపుచ్చుమని చెప్పలేదు. ఆయన కాదన్నది కాలమును గాదు. ఒక గడియ పవిత్రము, మఱియొక గడియ అపవిత్రము అను పంపకమును. యురేనియము సోమవారమునకు వెఱచి నిలువదు. పట్టుపురుగు అమావాస్యనాడు జ్వరము మానుకొనదు. ఆ పంపకము ప్రకృతిలో నెచ్చటను కానరాదు.

ఇక మిగిలినది ఐక్యస్థలము. అచ్చట కాలము నశించునా, లేక కాలమున్నను శరణునకు దాని పట్టు సడలునా? పైవరుసను బట్టి రెండవదే సరియని తోచును. ఒక్క శరణుడు లింగైక్యమందిన దినమున లోకపు కాలము నిలిచిపోలేదు. బంధువులు దుఃఖించిరి, దినములు లెక్కించిరి, మరునాడు ఎడ్లకు మేత వేసిరి. జాఱినది అతని కంచుకము మాత్రమే. ఇతరుల కంచుకములు వారివారి ఒడలిపైననే యున్నవి.